రెండు లింకులు

2011 సెప్టెంబరు 24, శనివారం ఉదయం ఆరుంబావుకు, డోర్నకల్ జంక్షన్‌కు రెండు కిలోమీటర్ల దూరంలోని తండాలో, రైల్వే కీమ్యాన్ హీరాలాల్ తన కూతురు నవ్య నోట్లోని గొలుసును రెండు లింకులు బిగించాడు.

అందుకు వాడింది ముల్లు తీసే చిమటా. దాన్ని ముందుగా పావుగంట నీళ్లలో మరిగించాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. నవ్యను వాకిట్లో మంచం మీద తూర్పుకు తిప్పి కూర్చోబెట్టాడు. అతని తల్లి సక్రి డ్యూటీ టార్చి పట్టుకుంది. ఆ టార్చికి ఎర్ర అద్దం, పచ్చ అద్దం, తెల్ల అద్దం ఉంటాయి. ముసలామె ముందు ఎర్రది నొక్కింది, తర్వాత పచ్చది నొక్కింది.

"అవ్వా, తెల్లది. నేనేం బండిని కాదు ఆపనీకి," అంది నవ్య నోరు తెరిచే.

బంగారు పూత గొలుసు వేలి గోరంత పొడవుంటుంది. దాని ఒక కొస అంగిట్లో అడ్డంగా పడుకున్న కోరపన్నుకు అంటించిన బొత్తానికి ఉంది. రెండో కొస వెనక దవడపళ్లను కలుపుతూ అంగిలికి అడ్డంగా వేసిన తీగ కొక్కేనికి ఉండాలి. గొలుసుకూ కొక్కేనికీ మధ్య డాక్టరు రబ్బరు దారం కట్టింది. ఐదు వారాలకు ఆ దారం సాగిపోయింది. ముందురోజు సాయంత్రం నవ్య ఆ మాటే చెప్పింది.

"బాపూ, గొలుసు నాలుకకు తగుల్తుంది. ఊగుతుంది."

హీరాలాల్ పదకొండేళ్లుగా కీమ్యాన్. రోజూ పొద్దున ఆరు కిలోమీటర్లు పట్టాల వెంట పోయి, ఆరు కిలోమీటర్లు తిరిగి వస్తాడు. భుజాన సుత్తె, పానా, రెండు జెండాలు. పట్టాను పట్టి ఉంచే క్లిప్పు ఊడి కనపడితే కొట్టి ఎక్కిస్తాడు, వదులైన బోల్టు కనపడితే బిగిస్తాడు. ఊగేదాన్ని చూసి దాటిపోవడం అతనికి చేతకాదు. రాత్రి అన్నం దగ్గర ఒకసారి కూతురి నోరు తెరిపించి చూశాడు. పొద్దున మళ్లీ చూశాడు.

మొదటి లింకును కొక్కేనికి తగిలించేసరికి వదులు పోయింది. అక్కడితో ఆగి ఉండవచ్చు. చిటికెన వేలితో తాకి చూస్తే ఇంకా కొంచెం ఆడుతున్నట్టు అనిపించింది. రెండో లింకు అందాలంటే కొక్కేన్నే ముందుకు వంచి లాగాల్సి వచ్చింది. లాగి తగిలించాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

"నొచ్చిందా బిడ్డా?"

"జర గుంజుతున్నది. గంతే."

"గుంజితే పని చేస్తున్నట్టు," అన్నాడు హీరాలాల్. జెండాలు తీసుకుని డ్యూటీకి పోయాడు.

ఈ పన్ను సంగతి జూలైలో బయటపడింది. నవ్య ఎనిమిదో తరగతి. బడిలో పళ్ల పరీక్షలు జరిగిన రోజున జనగామ నుంచి వచ్చిన డాక్టర్ సునంద ఆమె నోరు చూసి, పదమూడేళ్లు నిండినా పై కుడివైపు పాలపన్ను ఇంకా ఊడలేదేమని అడిగింది. తండ్రిని వెంటబెట్టుకుని జనగామ రమ్మంది. సునంద పని వంకర పళ్లను వరుసకు తేవడం. అక్కడ తీసిన ఎక్స్‌రేలో, రావాల్సిన కోరపన్ను ఎముకలో పడుకుని ఉంది. దాని మొన ముందున్న పక్క పన్ను వేరుకు ఆనుకుని ఉంది. ఆ వేరు కొస అప్పటికే ఒక మిల్లీమీటరు అరిగింది. పదమూడు ఉండాల్సిన చోట పన్నెండు.

"వదిలేస్తే ఏమైతది మేడం?" అని అడిగాడు హీరాలాల్.

"ఇది దాని వేరును తినుకుంట పోతది. రెండు మూడేండ్లల్ల పక్క పన్ను ఊడుతది. ఇది మాత్రం లోపలనే ఉంటది. రెండూ పోయినట్టే."

సునంద మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. కోరపన్నును నేరుగా వరుసలోకి లాగితే అది దారిలో ఉన్న పక్క పన్ను వేరును గీరుకుంటూ వస్తుంది. అందుకని ముందు వెనక్కి, అంగిలి వైపు లాగాలి. వేరుకు దూరం జరిగాకే వరుస వైపు తిప్పాలి. బలం తక్కువగా ఉండాలి. ఎక్కువైతే పన్ను లోపలి నరం చచ్చిపోవచ్చు, పన్ను ఎముకకు అతుక్కుపోవచ్చు, పక్క వేరు ఇంకా అరగవచ్చు.

"నెలకు ఎంత జరుగుతది?"

"ఒక మిల్లీమీటరు."

హీరాలాల్ తల ఊపాడు. మిల్లీమీటరు అతనికి తెలిసిన లెక్క. రెండు పట్టాల మధ్య వెయ్యిన్నీ ఆరువందల డెబ్బై ఆరు మిల్లీమీటర్లు ఉండాలని అతను నిద్రలో లేపినా చెబుతాడు.

ఆగస్టు 10న అంగిలి కోసి పన్ను మొన బయటపెట్టి బొత్తం అంటించారు. తొమ్మిది రోజులు ఉప్పు, కారం లేని మెత్తటి తిండి పెట్టమని చెప్పారు. తండాలో అప్పుడే తీజ్ మొదలైంది. గోధుమ మొలకల బుట్టలు ఎత్తిన ఆడపిల్లలు తొమ్మిది రోజులూ ఉప్పు, కారం ముట్టరు. సక్రి సంతోషించింది. "దవాఖానా, దేవతా ఒక్కటే మాట చెప్పినయ్," అని లంబాడీలో తండా అంతా చెప్పి వచ్చింది. ఆమె జడకు రెండువైపులా వెండి గొట్టాలు వేలాడుతుంటాయి. మనవరాలి అంగిలి చూసి, "మేం నెత్తికి వెండి కట్టుకుంటిమి, ఇది నోట్ల గొలుసేసుకున్నది. దీన్ని చేసుకునేటోనికి బంగారం దొరకాలంటే నోరు తెరిపియ్యాలె," అంది. నవ్యకు నవ్వొచ్చి కుట్లు లాగాయి.

ఆగస్టు 20న సునంద రబ్బరు దారం కట్టి మొదటిసారి లాగుడు మొదలుపెట్టింది. నాలుగు వారాల తర్వాత, సెప్టెంబరు 17న రమ్మంది.

సెప్టెంబరు 13న తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. పట్టాల మీద గస్తీ పెంచారు, గ్యాంగు సెలవులన్నీ రద్దు చేశారు. 17న హీరాలాల్‌కు సెలవు దొరకలేదు. భార్య లాలి ఉంటే ఆమె తీసుకుపోయేది. ఆమె తన తమ్ముడి భార్య కాన్పుకని భూపాలపల్లి పోయింది. తమ్ముడు ధర్మా అక్కడ బొగ్గు గనిలో పని చేస్తాడు, అతనూ సమ్మెలో ఉన్నాడు. ఆ తర్వాత బస్సులు ఆగాయి. లాలి అక్కడే చిక్కుబడింది. 24, 25 తేదీల్లో రైలు రోకో అన్నారు.

హీరాలాల్ ముందే ఫోన్ చేశాడు. సునంద స్పష్టంగానే చెప్పింది.

"రెండు వారాలు లేటైతే ఫరక్ పడదన్నా. దారం వదులైతే పన్ను ఆగుతది, గంతే. ఆగితే నష్టం లేదు. మీరు మాత్రం ముట్టకుండ్రి."

"సరే మేడం," అన్నాడు. ఊగేదాని వల్ల నష్టం లేదన్న మాట అతని మనసుకు ఎక్కలేదు. సెలవు దొరకనిది తనకు. ఆలస్యం తన వల్ల అయింది. ఆ లెక్కన సరిచేయాల్సింది కూడా తనే అనుకున్నాడు.

24న డోర్నకల్ యార్డు చివర జనం పట్టాల మీద కూర్చున్నారు. పక్క తండా జాల్యా డప్పు కొడుతున్నాడు. హీరాలాల్ సుత్తె భుజాన వేసుకుని వస్తుంటే ఆపాడు.

"హీరన్నా, ఇయ్యాల బండ్లే రావు. ఎవని కోసం కొడ్తున్నవే క్లిప్పులు?"

"ఇయ్యాల రాకుంటే ఎల్లుండి వస్తది గద."

"తెలంగాణ వచ్చినంక కొడుదువు తీయ్. కూసో."

"గప్పటిదాక ఊడనిస్తే, తెలంగాణ బండి పట్టా మీదికెల్లి పడిపోతది."

నవ్వారు. టీ ఇచ్చారు. తాగి, వాళ్ల కాళ్ల పక్కన ఉన్న క్లిప్పు ఒకటి వదులుగా ఉంటే, జాల్యాను జరగమని, దాన్ని కొట్టి పోయాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికొచ్చేసరికి నవ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"పొద్దటి సంది మెతుకు ముట్టలే," అంది సక్రి. "మెత్తగ గటక చేసిస్తే గది గూడ వద్దన్నది. ఏం బిగిచ్చినవురా దానికి?"

నవ్యను లేపి నోరు చూశాడు. గొలుసు చుట్టూ చిగురు తెల్లబడి ఉంది. గొలుసు నులక మంచం తాడులా బిర్రుగా ఉంది. నవ్య ముందున్న పక్క పన్నును చూపించింది.

"గిది గూడ నొస్తుంది బాపూ. నాలుకతోని తాకితే నొస్తుంది."

హీరాలాల్ ఆ పన్ను వేరు ఎక్స్‌రేలో ఎలా ఉందో మరిచిపోలేదు. ఫోన్ తీసి జనగామకు కలిపాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

సునంద ఫోన్ ఎత్తేసరికి వెనక నినాదాలు, గరిటెల చప్పుడు వినిపించాయి. జనగామ చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. ఆమె భర్త దామోదర్ ప్రభుత్వ బడి టీచరు, సమ్మెలో ఉన్నాడు. అక్కడ పప్పు గుండిగ దగ్గర ఆయన డ్యూటీ. సునంద ఒక దుకాణంలోకి నడిచి తలుపు వేయించింది.

"ఇప్పుడు చెప్పన్నా."

హీరాలాల్ నోరు తెరిచేలోపే నవ్య ఫోన్ వైపు వంగింది.

"మేడం, గొలుసు ఊగుతుందని నేనే రెండు లింకులు ఎక్కించిన. అద్దంల చూసుకుంట."

సక్రి మనవరాలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"ఎప్పుడు?"

"పొద్దుగాల ఆరింటికి."

"సరే. ఫోన్ మీ బాపుకియ్యి. అన్నా, చిగురు ఏ రంగున్నది?"

"తెల్లగున్నది మేడం."

"ముందు పక్క పన్నును వేలితోని మెల్లగ తాకు. ఊగుతున్నదా?"

తాకాడు. "జర కదులుతుంది మేడం."

"కోరపన్నుకు అంటించిన బొత్తం ఉన్నదా, ఊడిందా?"

"ఉన్నది."

"అట్లయితే ఇప్పుడే, ఇక్కడనే విప్పాలె. ఎట్ల ఎక్కించిందో గట్లనే తియ్యాలె. దేంతోని ఎక్కించింది?"

"చిమటాతోని," అన్నాడు హీరాలాల్.

"మరిగించినరా?"

"మరిగించిన మేడం, పావుగంట," అని, ఆ మాటతో తను దొరికిపోయానని తెలిసి ఆగిపోయాడు.

"మళ్ల మరిగించు. నేను లైన్ల ఉంట. గొలుసును మాత్రం గుంజకు. కొక్కెం ఉన్న తీగను ముందుకు నెట్టాలె, అప్పుడు లింకు దానంతటదే జారుతది."

బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. విప్పడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. పన్నెండు కిలోల పనిముట్లు మోసే చేయి చిమటా పట్టుకుని వణికింది. రెండుసార్లు జారి అంగిలికి తగిలింది. నవ్య కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి కానీ తల కదపలేదు. సక్రి ఈసారి తెల్ల అద్దమే నొక్కింది.

"దమ్ము తీస్కో అన్నా. తొందర లేదు," అంది ఫోన్‌లో సునంద. దామోదర్ తలుపు తట్టి, పప్పులో ఉప్పు చూడమని అడుగుతున్నాడు. "పట్టినంత వేస్కోండ్రి, నన్ను అడగకుండ్రి," అని ఆమె అటు కేక వేయడం వీళ్లకు వినపడింది. నవ్య నోరు తెరుచుకునే నవ్వింది. ఆ కదలికకు లింకు జారింది.

"వచ్చింది మేడం."

"ఇంకోటి గూడ తియ్యి. మొత్తం వదిలెయ్యి. మళ్ల ఎక్కియ్యొద్దు, దారం కట్టొద్దు. ఊగనియ్యి. ఉప్పు నీళ్లతోని పుక్కిలించమను. ఎక్స్‌రే తీసి చూసేదాక నేనేం చెప్పలేను. ఎప్పుడు రాగల్గుతవ్?"

ఆదివారం హీరాలాల్‌కు వారపు సెలవు, అదొక్కటే రద్దు కాలేదు. బండ్లు లేవు, బస్సులు లేవు. స్టేషన్‌లో బండ్లకు పట్టాల దారి మార్చే పాయింట్స్‌మ్యాన్ యోహానుకు మోటారు సైకిలు ఉంది. రేపే వస్తానని సునందకు చెప్పి, హీరాలాల్ అతని దగ్గరికి పోయాడు.

"రేప్పొద్దుగాల ఆరాధన ఉంటది గదరా," అన్నాడు యోహాను. ఒక నిమిషం ఆలోచించి, "పాస్టరుకు చెప్త తీయ్. ఆయన పండ్లు గూడ మంచిగ లేవు," అన్నాడు.

25న ఉదయం ఆరింటికి బయల్దేరారు. యోహాను బండి నడిపాడు, మధ్యలో నవ్య, వెనక హీరాలాల్. మహబూబాబాద్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. హీరాలాల్ కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

"మేడం నిన్ను తిడుతది గద."

"తిడితే తిట్టనీ. తప్పు చేసిన, తింట."

"నీకు తిట్లు తినొస్తదా బాపూ? ఎవరన్న ఒక్క మాటంటే రెండు రోజులు సుత్తెతోనే మాట్లాడుతవ్."

యోహాను ముందు నుంచి, "పిల్ల కరెక్టే చెప్పింది," అన్నాడు.

తొర్రూరు చౌరస్తాలో పెద్ద పొయ్యిలు రోడ్డుకు అడ్డంగా పెట్టి ఉన్నాయి. బండి ఆపారు.

"దవాఖానకు పోతున్నం అక్కా, పిల్లకు పన్ను నొప్పి," అన్నాడు హీరాలాల్.

"పోండ్రి. ఎవరు వద్దన్నరు? తిని పోండ్రి," అంది గరిటె పట్టుకున్న ఆమె. "ఈడికెల్లి తినకుండ పోయినోడు ఇంతవరకు లేడు. పొద్దుగాల ఓ ఎస్సై గూడ తిన్నడు."

"అది నమలలేదక్కా."

ఆమె నవ్య ముఖం చూసింది. గుండిగలోంచి అన్నం ఒక గిన్నెలో వేసి, పప్పుచారు పోసి, చేత్తో మెత్తగా పిసికి, చెంచా అడిగింది. చెంచా దొరకలేదు. చిన్న గరిటెతోనే తాగించింది. ముందురోజు పొద్దున్నుంచి నవ్య కడుపులో పడిన మొదటి తిండి అది. గిన్నె ఖాళీ అయ్యేదాకా హీరాలాల్ తన ఆకు ముట్టలేదు.

"నువ్వు తింటవా, తెలంగాణ వచ్చేదాక గట్లనే చూస్తవా?" అంది ఆమె.

పదకొండింటికి జనగామ చేరారు. సునంద ఆదివారమైనా తలుపు తీసి పెట్టింది. నవ్యను కుర్చీలో పడుకోబెట్టి, చిన్న ఫిల్ము నోట్లో పెట్టి ఎక్స్‌రే తీసింది. అది తడి ఆరేలోపు నవ్య చేతికి అద్దం, ఒక చిమటా ఇచ్చింది.

"నిన్న ఎట్ల ఎక్కించినవో జర చూపియ్యి. ముట్టకు, ఊరికె చూపియ్యి."

నవ్య అద్దం ఎడమ చేత్తో పట్టుకుంది. చిమటా కుడి చేత్తో నోట్లోకి తీసుకుపోయింది. అద్దంలో అంగిలి కనపడాలంటే తల వెనక్కి వాల్చాలి, వాల్చితే అద్దం కనపడదు. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి చిమటా చెంపలోపల తగిలింది.

"నేనే మేడం," అన్నాడు హీరాలాల్. గోడ పక్క నిలబడి ఉన్నాడు. "పిల్ల ముట్టలే. నేనే ఎక్కించిన. మీరు వద్దన్నరు. అయినా ఎక్కించిన."

"తెలుసన్నా. చిమటా పావుగంట మరిగించే ఓపిక పదమూడేండ్ల పిల్లకు యాడిది?"

"తిట్టుండ్రి మేడం."

"తిడుత. ముందు చూడనియ్యి."

సునంద నవ్య అంగిట్లో కనపడుతున్న కోరపన్ను మొనను చిన్న అద్దం పిడితో రెండుసార్లు తట్టింది. చెవి దగ్గరగా పెట్టి విన్నది. పక్క పన్నును తట్టి మళ్లీ విన్నది. హీరాలాల్ గోడ వదిలి ముందుకొచ్చాడు. ఇది అతనికి తెలిసిన పని. తనూ వంగి విన్నాడు. అతని ముఖం మారింది.

"ఏం విన్నవన్నా?"

"మొద్దుగున్నది మేడం. మా దిక్కు పట్టా గిట్ల పలికితే పగులున్నట్టు."

"ఇక్కడ ఉల్టా. మొద్దుగ పలికితేనే మంచిది. ఖంగుమంటే ఎముకకు అతుక్కున్నట్టు. అతుక్కున్నదాన్ని నేను గుంజలేను, నీ సుత్తె గుంజలేదు."

హీరాలాల్ మళ్లీ తట్టమన్నాడు. ఆమె తట్టింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

ఫిల్మును దీపం పెట్టెకు పెట్టి జూలై ఫిల్ము పక్కన చూసింది సునంద. పక్క పన్ను వేరు పన్నెండు మిల్లీమీటర్లు. తేడా లేదు.

"అయితే ఏం కానట్టే గద మేడం?"

"ఇయ్యాల ఏం కాలేదు. గంతే చెప్పగల్గుత. గుంజిన దెబ్బ ఎక్స్‌రేల వెంటనే పడదు. నరం చచ్చిందా, వేరు అరిగిందా, ఆరు వారాల తర్వాత తెలుస్తది. అప్పటిదాక ఏ లాగుడూ ఉండదు. ఈ పక్క పన్ను రంగు రోజూ చూడు. నల్లబడితే ఫోన్ చెయ్యి." ఆమె చేతులు కడుక్కుంటూ అంది, "ఇగ తిట్లంటవా, మా ఆయన నిన్నటి పప్పుల ఉప్పు రెండుసార్లు వేసిండు. నా తిట్లన్నీ ఆడనే అయిపోయినయ్."

నవంబరు 5న రమ్మని రాసిచ్చింది.

ఆరు వారాలు హీరాలాల్ రోజూ పొద్దున డ్యూటీకి ముందు నవ్యను వాకిట్లోకి పిలిచాడు.

"గొలుసు ఊగుతుందా?"

"ఊగుతుంది బాపూ."

"మంచిది."

అక్టోబరు 9న పక్క పన్ను నల్లగా కనపడింది. వెంటనే జనగామకు ఫోన్ చేశాడు. అతని గొంతు విని సునంద కూర్చున్న చోటి నుంచి లేచింది.

"ఒక్కటే పన్నా, అన్నీ గట్లనే ఉన్నయా?"

చూశాడు. "అన్నీ గట్లనే ఉన్నయ్ మేడం."

"ఎక్కడ నిలబడి చూస్తున్నవ్?"

వాన పడుతోందని వాకిట్లో నీలం పరదా కట్టారు. దాని కింద నిలబడి చూస్తున్నాడు.

"అద్దం తెచ్చుకోని నీ పండ్లు గూడ చూస్కో అన్నా."

చూసుకున్నాడు. అవీ నల్లగానే ఉన్నాయి. నవ్య అవ్వ ముఖం, కోడి, నీళ్ల బిందె అన్నీ చూపించి, "అందరికీ నరం చచ్చింది బాపూ," అంది. కూతుర్ని వానలోకి తీసుకుపోయి చూశాడు. పన్ను తెల్లగా ఉంది.

బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక లాలి భూపాలపల్లి నుంచి వచ్చింది. సంచి దించకముందే సక్రి అంతా చెప్పింది. లాలి మొగుడి వైపు తిరిగింది.

"పట్టాలు కొట్టీ కొట్టీ పిల్ల పండ్లు గూడ పట్టాలనుకున్నవా? ఇంట్ల ఇంకేమేం బిగిచ్చినవో చెప్పు, విప్పుకుంట."

హీరాలాల్ సుత్తె తీసుకుని తుడవసాగాడు.

"చూసినవా అవ్వా, మొదలైంది," అంది నవ్య. "ఇగ రెండు రోజులు సుత్తెతోనే మాట్లాడుతడు."

లాలి ఆ మాటకు నవ్వింది. ఆ సాయంత్రం మొగుడికి అన్నం వడ్డిస్తూ, "మరి విప్పేటప్పుడు చెయ్యి వణికిందట గద," అని అడిగింది. అతను ఔనన్నాడు. ఆమె ఇంకో గరిటె వేసింది.

అక్టోబరు 24న సకల జనుల సమ్మె వాయిదా పడింది. హీరాలాల్ నవంబరు 5కు సెలవు రాసిచ్చాడు. మంజూరైంది. ఆ రోజు పొద్దుటి బండికి అతనూ లాలీ నవ్యా జనగామ పోయారు. బండి తను రోజూ నడిచే బీటు మీదుగా పోతున్నంతసేపు హీరాలాల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. నవ్య అతని చిటికెన వేలు పట్టుకుని ఉంది.

సునంద దూది ఉండను మంచులా చల్లబరిచి పక్క పన్నుకు ఆనించింది.

"చల్లగ తెలిస్తే చెయ్యి ఎత్తు."

గది అంతా నవ్య చేతి వైపు చూసింది. రెండు సెకన్లు కదల్లేదు. మూడో సెకనుకు ఎత్తింది.

"మళ్ల."

మళ్లీ ఎత్తింది. కోరపన్నుకు ఆనించినప్పుడు వెంటనే ఎత్తింది.

"నరాలు రెండూ బతికే ఉన్నయ్," అంది సునంద. హీరాలాల్ కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. లాలి అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు.

సునంద రెండు పళ్లనూ తట్టింది. మొద్దుగానే పలికాయి. ఈసారి హీరాలాల్ ముఖం మారలేదు. ఎక్స్‌రే తీసింది. మూడు ఫిల్ములు దీపం పెట్టెకు వరుసగా పెట్టి కొలబద్ద ఆనించింది. కొలిచి, కొలబద్ద హీరాలాల్ చేతికిచ్చింది.

"నేను చెప్తే నమ్మవు. నువ్వే చూడు."

అతను పక్క పన్ను వేరును మూడుసార్లు కొలిచాడు. పన్నెండు. కోరపన్ను మొనకూ ఆ వేరుకూ మధ్య జూలైలో సందు లేదు. ఇప్పుడు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంది.

"ఇగ లాగుడు మళ్ల మొదలుపెట్టొచ్చు," అంది సునంద.

ఉదయం పదకొండు ఇరవైకి ఆమె గొలుసుకూ కొక్కేనికీ మధ్య కొత్త రబ్బరు దారం కట్టింది. ముడి వేసే ముందు హీరాలాల్‌ను పిలిచి, దారాన్ని ఎంత లాగుతోందో చూపించింది. అతను వంగి చూశాడు.

"గింతేనా మేడం?"

"గింతే."

కోరపన్ను 2012 ఏప్రిల్‌లో వరుస వైపు తిరగడం మొదలుపెట్టింది. ఆగస్టు 18న వరుసలోకి వచ్చింది. ఆ రోజు తీసిన ఎక్స్‌రేలో పక్క పన్ను వేరు పన్నెండు మిల్లీమీటర్లు ఉంది.